చిన్న బొటిక్ పెడుతున్నాను: మొదటి సరుకు ఎంత తేవాలి, ధర ఎలా కట్టాలి, ఆర్డర్లు ఎన్ని పట్టాలి?

కొత్తదారం

నమస్కారమండీ. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు ఉన్న గదిలో ఆడవాళ్ల బట్టల బొటిక్ మొదలుపెట్టబోతున్నాను. ఒక పక్క రెడీమేడ్ టాప్‌లు, డ్రెస్సులు. రెండో పక్క కొలతలు తీసుకుని కుట్టివ్వడం. ఒక పవర్ మిషను, బట్ట అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి ఉన్నాయి. కటింగ్ నేనే చేస్తాను, కుట్టడానికి ఒక టైలరమ్మ వస్తారు.

తేలనివి ఇవి. మొదటి విడతలో ఎన్ని డిజైన్లు, ఒక్కో సైజులో ఎన్ని ముక్కలు తేవాలి? కొన్నదానికి రెండింతలు ధర పెట్టమని అందరూ అంటున్నారు, అది సరిపోతుందా? తానుల్లో బట్ట కొనేటప్పుడు ఏం చూడాలి? వారానికి ఎన్ని కుట్టు ఆర్డర్లు ఒప్పుకోవచ్చు? "ధైర్యంగా మొదలుపెట్టండి" అని చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు, లెక్కలు చెప్పేవాళ్లు కావాలి.

సరుకులెక్క

ముందు డబ్బు పంపకం చూడండి. అద్దె, జీతం, కరెంటు కలిపి నెలకి ఎంతో రాసుకుని, ఆరు నెలల మొత్తం పక్కన పెట్టేయండి. దాన్ని ముట్టుకోకూడదు. గది హంగులకి పోగా మిగిలినదాంట్లో సగానికే మొదటి సరుకు కొనండి. మిగతా సగం రెండో విడతకి. మొదటి విడత అంతా ఊహ మీద కొంటారు. ఏది అడుగుతున్నారో తెలిశాక కొనేది రెండో విడత. అప్పటికి చేతిలో డబ్బు లేకపోతే, అమ్ముడుపోయే డిజైన్ మళ్లీ తేలేరు, అమ్ముడుపోనిది మాత్రం కళ్లెదుట వేలాడుతూనే ఉంటుంది.

ముక్కల సంగతి. ఎస్, ఎం, ఎల్, ఎక్సెల్ నాలుగు సైజుల్లో 1, 2, 2, 1 చొప్పున డిజైన్‌కి ఆరు ముక్కలు. అలా 12 డిజైన్లు అంటే 72 ముక్కలు. మీ గదికి ఇది చాలు. మీటరు పొడవు రాడ్డు మీద పలచటి టాప్‌లైతే 20, 25 వరకు తగిలించొచ్చు. అంతకు మించితే చేత్తో జరిపి చూడలేక వెనక్కి తిరుగుతారు. ఎక్కువమంది పొరబడేది రంగుల దగ్గర. ఒక డిజైన్ మూడు రంగుల్లో, నాలుగు సైజుల్లో కావాలంటే ఒక్కొక్కటి చొప్పునే 12 ముక్కలు. అందులో ఒక ఎం అమ్ముడైతే ఆ రంగులో ఎం లేదు. నెల తిరిగేసరికి ప్రతి రంగులోనూ ఎవరికీ పట్టని చివరి సైజులే మిగులుతాయి. మొదట్లో డిజైన్‌కి ఒకే రంగు, బాగా నడిచేదానికి రెండో విడతలో రెండో రంగు.

ధర. "రెండింతలు" అన్నది మొదలు మాత్రమే. 100కి కొని 150కి అమ్మితే 50 శాతం లాభం అనుకుంటారు. అమ్మకం మీద అది 33.3 శాతమే. 200కి అమ్మితే 50 శాతం. నెల ఖర్చులు ఈ శాతంలోంచే తీరాలి. కొన్ని ముక్కలు తగ్గింపులో పోతాయి కాబట్టి సగటున చేతికొచ్చేది 45 శాతం అనుకుందాం. నెల ఖర్చుని 0.45తో భాగించండి. అంటే ఖర్చుకి 2.2 రెట్లు అమ్మకం జరిగితేనే సున్నాకి చేరతారు. దాన్ని ఒక ముక్క సగటు ధరతో, ఆ తర్వాత షాపు తెరిచే రోజులతో భాగిస్తే రోజుకి ఎన్ని ముక్కలు కదలాలో తేలుతుంది. ఆ సంఖ్య రోజూ మీ షాపులో అడుగుపెట్టేవాళ్ల సంఖ్యతో పోల్చి చూడండి. వచ్చిన వాళ్లందరూ కొన్నా చాలదని తేలితే గది అద్దె ఎక్కువైనట్టు. ఈ లెక్క అడ్వాన్సు ఇవ్వకముందే వేయాలి.

కొన్న ధర అంటే బిల్లులోది మాత్రమే కాదు. రవాణా, ట్యాగు, కవరు, ఇస్త్రీ, కార్డు చెల్లింపు మీద పోయే రుసుము అన్నీ కలిపాకే రెండింతలు.

తగ్గింపు బోర్డు పెట్టేముందు ఒకసారి ఇది చూడండి. 200 ముక్కని 30 శాతం తగ్గిస్తే 140. లాభం 100 నుంచి 40కి పడింది. అదే లాభం రావాలంటే రెండున్నర రెట్ల ముక్కలు అమ్మాలి. అందుకని షాపంతా తగ్గింపు పెట్టొద్దు, ఆగిపోయిన డిజైన్లకే పెట్టండి. నాలుగు వారాల్లో 40 శాతం ముక్కలు అమ్ముడుపోతే ఆ డిజైన్ మళ్లీ తెప్పించండి. ఆరు వారాలైనా నాలుగో వంతు కూడా కదలకపోతే వెంటనే ధర దించండి. ఇంకా ఆగితే సీజన్ మారి, సగానికి ఇస్తామన్నా తీసుకోరు.

ఒక నోటుపుస్తకంలో డిజైన్, సైజు, వచ్చిన తేదీ, పోయిన తేదీ రాయండి. ఇంకో గడి తప్పనిసరి: వేసి చూసి వద్దన్నవాళ్లు ఎందుకు వద్దన్నారు. "చంక దగ్గర పట్టేసింది" అని నాలుగుసార్లు కనిపిస్తే తప్పు ధరలో లేదు, ఆ సరఫరాదారు కటింగ్‌లో ఉంది.

పడుగుపేక

బట్ట గురించి నేను చెబుతాను.

తాను కొనేముందు అర మీటరు తెచ్చుకోండి. దాని మీద చెరగని పెన్నుతో 18 అంగుళాల చదరం గీయండి. ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. పొడవులో 17.5 వచ్చిందంటే దాదాపు 2.8 శాతం ముడుచుకుంది. 44 అంగుళాల డ్రెస్సులో అది అంగుళంపావు దాకా అవుతుంది. నూలు, రేయాన్ బట్టలు తడిపి ఆరేశాకే కత్తిరించండి. లైనింగ్‌కీ ఇదే పరీక్ష. పైబట్ట ముడుచుకోకుండా లైనింగ్ ఒక్కటే ముడుచుకుంటే మొదటి ఉతుకులోనే అంచు లోపలికి లాగేసి, కింద బుడగలు కడుతుంది. దాన్ని కుట్టు లోపం అనుకుని టైలరమ్మని నిందిస్తారు.

రంగు పరీక్ష తేలిక. తడి తెల్లగుడ్డని వేలికి చుట్టి పదిసార్లు గట్టిగా రుద్దండి. ముదురు ఎరుపు, నీలం, నలుపు గుడ్డకి అంటితే ఆ బట్టని తెలుపుతోనో లేతరంగుతోనో జత చేయొద్దు. పొడిగా రుద్దినా అంటితే అసలు కొనొద్దు.

శాటిన్, పలచటి ఆర్గాంజా లాంటివాటికి ఇంకో పరీక్ష ఉంది. రెండు ముక్కలు కలిపి కుట్టి, కుట్టుకి రెండు వైపులా పట్టుకుని లాగండి. దారం తెగకుండానే కుట్టు పక్కన పోగులు విడిపోయి సందు కనిపిస్తే, ఆ బట్ట బిగుతు డ్రెస్సుకి పనికిరాదు. వదులు మోడల్‌కి వాడుకోవచ్చు.

పన్నా, అంటే బట్ట వెడల్పు, చూడకుండా మీటరు ధర పోల్చడం పెద్ద పొరపాటు. తుంటి దగ్గర 44 అంగుళాలు, పొడవు 44 అంగుళాలు ఉండే తిన్నటి డ్రెస్సు తీసుకోండి. ముందు భాగం, వెనక భాగం ఒక్కొక్కటి కుట్టు, అంచు మడత కలిపి 24 అంగుళాల వెడల్పు, 47 అంగుళాల పొడవు. 44 పన్నాలో రెండూ పక్కపక్కన పట్టవు. ఒకదాని కింద ఒకటి వేయాలి, చేతులు పక్కన మిగిలిన చోట వస్తాయి. మొత్తం 94 అంగుళాలు, అంటే 2.4 మీటర్లు. 58 పన్నాలో ముందూ వెనకా పక్కపక్కన పడతాయి, చేతులకి ఇంకో 20 అంగుళాలు కలిపినా 67 అంగుళాలు, 1.7 మీటర్లు. అంటే 58 పన్నా మీటరు ధర 1.4 రెట్లు ఉన్నా మీకు నష్టం లేదు. పువ్వులన్నీ ఒకే దిక్కుకి ఉండే ప్రింటు, వెల్వెట్ లాంటి నూగు బట్ట అయితే ముక్కల్ని తలకిందులుగా ఇరికించడం కుదరదు కాబట్టి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గళ్లు, పెద్ద డిజైన్లు అతకాలంటే ప్రతి పొడవుకీ ఒక డిజైన్ తిరుగు కలుపుకోండి. 12 అంగుళాలకోసారి తిరిగే ప్రింటైతే 12 అంగుళాలు అదనం.

సూదులు. జార్జెట్, షిఫాన్‌లకి 9 నుంచి 11 నంబరు, మామూలు నూలుకి 14, డెనిమ్‌కి 16 లేక 18. సాగే బట్టకి మొన గుండ్రంగా ఉండే సూది కావాలి. మామూలుది వాడితే పోగు తెగి, నాలుగు ఉతుకులకి చిల్లులు తేలతాయి. పలచటి బట్ట మీద కుట్టు ముడతలు పడితే ముందు పైదారం బిగువు తగ్గించి, సన్నదారం వేయండి. అప్పటికీ తగ్గకపోతేనే మిషను మెకానిక్‌ని పిలవండి.

మాస్టరుకత్తెర

సరుకులెక్క గారి మాటలో ఒకటి ఒప్పుకోను. నాలుగు సైజులతో ఆపేస్తే డబుల్ ఎక్సెల్, ట్రిపుల్ ఎక్సెల్ వాళ్లు గుమ్మంలోంచే వెళ్లిపోతారు. బయట దొరకనిది మీ దగ్గర దొరికితే మళ్లీ మళ్లీ వచ్చేది వాళ్లే. రెడీమేడ్‌లో తెచ్చి నిల్వ పెట్టమనడం లేదు. ప్రతి డిజైన్‌కీ బట్ట తాను, ప్యాటర్న్ (కత్తిరింపు నమూనా) ఉంచుకుని "మీ సైజులో అయిదు రోజుల్లో కుట్టిస్తాం" అని ట్యాగు మీదే రాయండి. కుట్టుపని ఉన్న బొటిక్‌కి రెడీమేడ్ షాపు మీద ఉన్న పైచేయి ఇదే.

రెడీమేడ్‌ని సరిచేయడం కూడా మీకు బలమే. మీరే కుట్టించే టాప్‌లకి పక్క కుట్లలో అంగుళం బట్ట వదలండి. అర అంగుళం కుట్టుకి ఉంచినా, మిగతా అర అంగుళం చొప్పున రెండు పక్కల్లో నాలుగు అంచులు కలిసి 2 అంగుళాల వదులు ఇస్తాయి. సైజుకీ సైజుకీ తేడా 2 అంగుళాలే కాబట్టి ఒక ఎం ముక్క అవసరమైతే ఎల్ అవుతుంది. స్లీవు కుట్టులోనూ అంతే వదలాలి, లేకపోతే చంక దగ్గర అతకదు. శాటిన్, పట్టు మీద మాత్రం ఈ పని కుదరదు. విప్పిన కుట్టు చిల్లులు మాసిపోవు. కుట్టించేటప్పుడే గుర్తుంచుకోండి.

ఇక వారానికి ఎన్ని ఆర్డర్లు. ఒక టైలరు నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటలు అంటే 12,480 నిమిషాలు. దారం మార్చడం, విప్పి కుట్టడం, ఇస్త్రీ, మాటలు అన్నీ పోగా నిజంగా కుట్టు మీద గడిచేది 60 శాతం ఉంటే గొప్ప. అంటే సుమారు 7,500 నిమిషాలు. లైనింగ్ వేసిన డ్రెస్సుకి రెండున్నర గంటలు పడితే నెలకి 50, వారానికి 11 లేక 12. అందులో ఎనిమిదే ఒప్పుకోండి. మిగతా మూడు నాలుగు డ్రెస్సుల సమయం సరిచేతలకీ, కరెంటు పోయిన రోజుకీ, టైలరమ్మ రాని రోజుకీ పోతుంది. ఒక కాగితం మీద వారానికి ఎనిమిది గడులు గీసి, గడి నిండితే తర్వాతి వారం తేదీ ఇవ్వండి. ఎంత కావలసినవాళ్లు అడిగినా తొమ్మిదో గడి గీయొద్దు. డెలివరీ తేదీ తప్పితే డిజైన్ ఎంత బాగున్నా వాళ్లు రెండోసారి రారు.

కూలి కూడా ఇక్కడినుంచే కట్టాలి. నెల జీతాన్ని 12,480తో కాదు, 7,500తో భాగించండి. అదీ ఒక నిమిషం అసలు ఖరీదు. 150 నిమిషాలతో గుణించి, మీ కటింగ్ సమయం, హుక్కులు, జిప్పు, దారం, బక్రం (గట్టిదనానికి లోపల వేసే గుడ్డ), ఇస్త్రీ కలపండి. మీ కటింగ్‌కి జీతం వేసుకోకపోతే రేపు మాస్టరుని పెట్టుకున్న రోజే షాపు నష్టంలోకి వెళ్తుంది. పైన 10 శాతం సరిచేతలకి. ఆ తర్వాతే లాభం.

కొత్తదారం

చాలా థ్యాంక్స్ అండీ. పన్నా లెక్క నాకు తట్టనే లేదు. ఇంకో రెండు సందేహాలు. వాళ్లే బట్ట తెచ్చి కుట్టమంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ట్రయల్ రూముకి నాలుగడుగులు కూడా దొరకడం లేదు, పరదా ఒకటి కట్టేస్తే సరిపోదా?

మాస్టరుకత్తెర

వాళ్ల బట్ట విషయంలో పని అంతా వాళ్లు ఎదురుగా ఉన్నప్పుడే చేయాలి. బట్ట పూర్తిగా విప్పి పొడవు, పన్నా కొలిచి స్లిప్పులో రాయండి. వెలుగుకి పట్టి చూసి మరక, పోగు లాగిన చోటు, చిల్లు ఉంటే వాళ్లకి చూపించి, అదీ రాసి సంతకం తీసుకోండి. మూలలోంచి రెండంగుళాల ముక్క కత్తిరించి స్లిప్పుకి పిన్ను చేయండి. ఒకే రంగు బట్టలు నాలుగు వచ్చినప్పుడు ఏది ఎవరిదో అదే చెబుతుంది. బట్ట చాలకపోతే అప్పుడే చెప్పాలి. కత్తిరించాక "చేతులు పొట్టిగా వచ్చాయి" అంటే ఎవరూ ఒప్పుకోరు. ముందే తడిపారా లేదా అన్నది కూడా అడగండి. తడపలేదు, వద్దు అన్నారంటే ఆ మాట స్లిప్పులో ఉండాలి.

కొలతలు ఒంటి మీదా తీసుకోండి, బాగా పట్టే ఆది డ్రెస్సు మీదా తీసుకోండి. రెండింటికీ తేడా ఎంతో అదే ఆవిడకి ఇష్టమైన వదులు. సాగని బట్టకి ఛాతీ దగ్గర సాధారణంగా 2 నుంచి 3 అంగుళాలు ఉంటుంది. కొందరికి ఒకటిన్నర చాలు, కొందరికి నాలుగు కావాలి. ఆది ఒక్కటే చూసి కుట్టడం ప్రమాదం. అది సాగే బట్టదై ఉండొచ్చు, లేదా వేసివేసి సాగిపోయి ఉండొచ్చు. మెడ లోతు మాటల్లో రాసుకోవద్దు, భుజం మీద నుంచి అంగుళాల్లో రాయండి. "కొంచెం డీప్" అన్న మాటకి ఇద్దరు మనుషులకి రెండు అర్థాలు.

అడ్వాన్సు సగం తీసుకోండి. లైనింగ్, జిప్పులు, లేసు మీరు కొంటుంటే కనీసం ఆ ఖర్చయినా ముందే చేతికి రావాలి. కత్తిరించాక మోడల్ మారిస్తే విడిగా ఛార్జీ అని స్లిప్పు మీద అచ్చు వేయించండి. ఫిట్టింగ్ సరిచేయడం ఒకసారి ఉచితం, దానికి గడువు పదిహేను రోజులు. గడువు పెట్టకపోతే ఆరు నెలల తర్వాత ఒళ్లు మారి తెచ్చిన డ్రెస్సు కూడా మీ ఖాతాలోనే పడుతుంది.

అద్దంముందు

పరదా ఊరికే కట్టేస్తే చాలదండీ, దాన్ని సరిగ్గా కట్టాలి. మూడున్నర అడుగుల చదరం కంటే తక్కువైతే చేతులు పైకెత్తి డ్రెస్సు తలమీంచి తీయలేరు, మోచేతులు గోడకి తగులుతాయి. జిప్పులు తెగేది, కుట్లు పిగిలేది అక్కడే. మూల స్థలం తీసుకుని, వంపు రాడ్డుకి మందపాటి పరదా వేయండి. రాడ్డు పొడవుకి రెండింతల గుడ్డ ఉండాలి, లేకపోతే పక్కన సందు పడుతుంది. పరదా నేలకి రెండు అంగుళాల ఎత్తులో ఆగాలి. లోపల కొక్కేలు రెండు, ఒకటి వాళ్ల బట్టలకి, ఒకటి మీ బట్టలకి. చిన్న స్టూలు ఒకటి.

దీపం నడినెత్తిన పెట్టొద్దు. కళ్ల కింద, పొట్ట కింద నీడలు పడి ఏ డ్రెస్సూ బాగా కనిపించదు. అద్దానికి రెండు పక్కలా నిలువు దీపాలు పెట్టండి. కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేక ఆపైన, రంగు 4000 కెల్విన్ దరిదాపుల్లో ఉందో లేదో చూడండి. షాపులో కూడా అవే. చవక దీపాల కింద పైబట్టా లైనింగూ ఒకే రంగులా కనిపించి, ఎండలోకి తీసుకెళ్తే ఒకటి ఊదా, ఒకటి నీలం అవుతాయి. జత చూసేటప్పుడు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుగులో ఒకసారి చూడాల్సిందే.

ఇస్త్రీ ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు. రెడీమేడ్ మూటల్లోంచి వచ్చిన ముక్కలు ముడతలతో రాడ్డుకి తగిలిస్తే, రెండింతలు కాదు కదా కొన్న ధర కూడా పలకవు. నిలువుగా పట్టే స్టీమరు టాప్‌లకి సరిపోతుంది, కుట్టు అంచులకి మాత్రం మామూలు ఆవిరి ఇస్త్రీపెట్టే కావాలి. కాలర్లు గట్టిగా నిలవడానికి వేడికి అతికే క్యాన్వాస్ వాడితే పెట్టెని తోయొద్దు, ఒక్కో చోట 10 నుంచి 15 సెకన్లు అదిమి పట్టి ఎత్తి పక్కన పెట్టండి. తోస్తే క్యాన్వాస్ జరిగి, చల్లారాక బుడగలు తేలతాయి. ముందు కత్తిరింపు ముక్క మీద అతికించి, ఉతికి చూసి అప్పుడు కాలరు మీద వేయండి.

కొత్తదారం

వంపు రాడ్డు ఆలోచన బాగుంది, మూల ఖాళీగానే ఉంది. ఎనిమిది గడుల కాగితం ఈ రోజే గీస్తున్నాను. సరుకులెక్క గారూ, డిజైన్‌కి ఆరు ముక్కలు అన్నారు, హోల్‌సేల్‌లో నాలుగు సైజులకి ఒక్కొక్కటే ఉండే సెట్ తప్ప విడి ముక్కలు ఇవ్వరట. అప్పుడెలా?

సరుకులెక్క

అలాగైతే ఆరు అనుకోకండి, నాలుగే తీసుకోండి. రెండు సెట్లు తీసుకుంటే ఎస్, ఎక్సెల్ కూడా రెండేసి వచ్చిపడతాయి. ఎం, ఎల్ అయిపోగానే మళ్లీ అదే సెట్ తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుందో కొనేముందే అడిగి రాయించుకోండి. వారం లోపల వస్తే ఒక్కో సెట్‌తో నడుస్తుంది. నెల పడుతుందంటే ఆ డిజైన్‌ని ఒక్కసారి అమ్మకంగానే లెక్కేసుకుని, ధర మొదట్లోనే కొంచెం ఎక్కువ పెట్టండి. డ్యామేజీ ముక్కలు ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటారో కూడా బిల్లు మీదే రాయించండి. మూట విప్పిన రోజే ప్రతి ముక్కా లోపలివైపు తిప్పి చంక కుట్టు, జిప్పు, మరకలు చూడండి, ట్యాగు తర్వాత కట్టొచ్చు.